రాసినవారి సంతకం

అత్తగారి కాలిగోళ్లు తీస్తున్నప్పుడు మా ఆయన వచ్చి ఒక కాగితం నా మోకాలి మీద పెట్టాడు. "గురువారం లాయరు వస్తారు. ఆవిడ ముందు దీని మీద ఒక సంతకం పెట్టేస్తే సరిపోతుంది" అన్నాడు. ముసలివాళ్ల గోళ్లు తీయడం అనుకున్నంత తేలిక పనేం కాదు. ముందు పావుగంట గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. తర్వాత చర్మానికి తగలకుండా అంచు వెంబడి కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ రావాలి. ఒక్క క్షణం చూపు పక్కకి పోయిందా, రక్తం వస్తుంది. షుగరున్న మనిషికి ఆ గాయం మానడానికి నెల పడుతుంది. అందుకని నేను తలెత్తలేదు. "ఏంటది?" అన్నాను గోరు వైపే చూస్తూ. "ఏం లేదు, నువ్వు రాసిన ఆ ప్రోగ్రాము ఫైలు గురించి. ఫార్మాలిటీ" అన్నాడు. "కాగితం తడుస్తుందిరా, అవతల పెట్టు" అన్నారు అత్తగారు. తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

నా బల్ల అంటే ఇస్త్రీ బల్లే. వంటింటికీ అత్తగారి గదికీ మధ్య నడవాలో ఉంటుంది. ఉదయం దాని మీద చొక్కాలు, పదకొండు దాటాక దాని మీద నా ల్యాప్‌టాప్. ఎత్తు తగ్గించుకుంటే కూర్చోవచ్చు గాని కింద మోకాళ్లు పట్టవు, పక్కకి తిరిగి కూర్చోవాలి. మా ఆయనకి ఇంట్లో ఆఫీసు గది ఉంది, దానికి తలుపుంది. ఆ గదిలో ఆయన వారానికి రెండుసార్లు ఫోను మాట్లాడతాడు. నన్ను అక్కడ కూర్చోవద్దని ఎవరూ అనలేదు. అక్కడ కూర్చుంటే అత్తగారు పిలిచినా వినపడదు, స్టవ్ మీద ఏం పొంగుతోందో కనపడదు, అంతే. ఈ ఇంట్లో నన్ను ఎవరూ ఏదీ వద్దనరు. వద్దనాల్సిన అవసరం రాకుండా అన్నీ ముందే అమరి ఉంటాయి.

పెళ్లికి ముందూ, పెళ్లయ్యాక నాలుగేళ్లూ నేను కొలత పరికరాలు తయారుచేసే కంపెనీలో పని చేశాను. ఆ పరికరాల లోపల నడిచే ప్రోగ్రాములు రాసేదాన్ని. అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు "రెండు నెలలు సెలవు పెట్టు చాలు" అన్నాడు మా ఆయన. ఆ రెండు నెలలు ఆరేళ్ల నుంచి నడుస్తున్నాయి. మానేసిన కొత్తలో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే నాకు నోరు పెగిలేది కాదు. నేను నోరు తెరిచేలోపు మా ఆయనే "ప్రస్తుతం రెస్టు తీసుకుంటోంది" అని చెప్పేసేవాడు. మంచాన పడ్డ మనిషిని లేపి, కూర్చోబెట్టి, కడిగి, తుడిచి, తినిపించి, పడుకోబెట్టడాన్ని రెస్టు అంటారని నాకు అప్పుడే తెలిసింది.

మా ఆయనా బావగారూ కలిసి ఒక చిన్న కంపెనీ నడుపుతున్నారు. ఆరుగురు ఉద్యోగులు, ఒక కాఫీ మెషీను. కోర్టుల్లో, ఆసుపత్రుల్లో, మీటింగుల్లో మాట్లాడిన రికార్డింగులు విని టైపు చేసేవాళ్లుంటారు కదా, వాళ్ల కోసం ఒక సాధనం అమ్ముతారు. టైపు చేసుకునే అసలు ప్రోగ్రాము, అంటే ఎడిటర్, మాత్రం వీళ్లది కాదు. ఎక్కడెక్కడి వాళ్లో దశాబ్దాలుగా కలిసి రాసుకుంటూ వచ్చింది, ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు. దాని గొప్పతనమంతా దానికున్న సొంత చిన్న భాషలో ఉంది. ఆ భాషలో చెప్తే ఏ పనైనా నేర్చుకుంటుంది. మా ఆయన ఆ భాషలో బాగానే రాస్తాడు, కాదనను. కాని బరువు పనులు చెప్తే ఆ భాష ఆయాసపడుతుంది. మూడు గంటల రికార్డింగులో ఏ మాట ఏ క్షణంలో ఉందో పట్టుకుని, కర్సర్ ఆ మాట మీదకి రాగానే ఆ గొంతు వినిపించడం చాలా బరువు పని. మా ఆయన రాసినదాంట్లో కర్సర్ ముందు వెళ్లేది, గొంతు తీరిగ్గా వెనకాల వచ్చేది. అలాంటి పనిని సి భాషలో రాసి, యంత్రానికి నేరుగా అర్థమయ్యే రూపంలోకి మార్చి, ఎడిటర్‌కి తగిలించాలి. అలా తగిలించే ముక్కని మాడ్యూల్ అంటారు. "చిన్న ముక్కే, నువ్వు చెయ్యగలవేమో చూడు. నీకూ కాలక్షేపంగా ఉంటుంది" అన్నాడు మా ఆయన. కాలక్షేపం మొదలై నాలుగేళ్లయింది.

ఎడిటర్ సొంత భాషలో తప్పు రాస్తే అది మర్యాదగా ఫలానా చోట తప్పుందని చెప్పి ఊరుకుంటుంది. మాడ్యూల్‌లో తప్పుంటే ఏమీ చెప్పదు. ఆ ముక్క తనతోపాటు ఎడిటర్ మొత్తాన్నీ కూల్చేస్తుంది. ఎక్కడో ఒక టైపిస్టు సేవ్ చెయ్యని రెండు పేజీలు దాంతోపాటే పోతాయి. మొదటి సంవత్సరం నేనొక తప్పు చేశాను, మాడ్యూళ్లు రాసేవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు. ఎడిటర్ మన ఫంక్షన్‌ని పిలిచినప్పుడల్లా చేతికి ఒక పిడి ఇస్తుంది. ఎడిటర్‌తో ఏ పని చేయించుకోవాలన్నా ఆ పిడి పట్టుకునే చేయించుకోవాలి. పిలుపు ముగియగానే ఆ పిడికి విలువ పోతుంది, మళ్లీ పిలిస్తే కొత్తది ఇస్తుంది. నేను మొదటిసారి ఇచ్చినదాన్ని దాచిపెట్టుకున్నాను. రికార్డింగు వినిపించే భాగం ఎడిటర్‌తో పని లేకుండా తనంతట తాను నడుస్తుంటుంది. ఒక మాట అయిపోయిందని అది ఎడిటర్‌కి చెప్పాలంటే పిడి కావాలి కదా, దాచినదాన్ని అందించాను. నా దగ్గర బ్రహ్మాండంగా పనిచేసింది. టైపిస్టుల దగ్గర రెండు రోజులకోసారి ఎడిటర్ కూలింది. పదకొండు రోజులు వెతికాను. చివరికి అత్తగారికి వీపు రుద్దుతుంటే తట్టింది. సబ్బు అలాగే వదిలేసి "అయ్యో, పిలవందే పలకకూడదు!" అని పైకే అనేశాను. "ఎవర్నే?" అన్నారు అత్తగారు కంగారుగా. అలాంటప్పుడు ఎడిటర్‌ని నేరుగా పిలవకుండా ఒక గొట్టంలో చీటీ వదిలి ఊరుకోవాలి. దానికి తీరికైనప్పుడు తీసి చదువుకుంటుంది. ఈ పద్ధతి నాకు ఒక్క పూటలో పట్టుబడింది. ఇంట్లో బోలెడు సాధన ఉంది కదా.

ఆ రోజు సరిచేసిన మాడ్యూల్‌ని తగిలించి, ఒక పాత రికార్డింగు తెరిచి, కర్సర్‌ని ఒక్కో మాట మీదుగా జరుపుతూ పోయాను. వేలు కదిలిన క్షణమే గొంతు పలికింది. ముందుకి వెళ్తే ముందుకి, వెనక్కి వస్తే వెనక్కి. ఎవరిదో ముక్కుతో మాట్లాడే గొంతు, ఏదో సంఘం మీటింగులో ఫ్యాన్లు బాగుచేయించడం గురించి మాట్లాడుతోంది. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పదకొండు నుంచి ఒంటిగంట దాకా, అత్తగారు మాత్ర వేసుకుని నిద్రపోయే ఆ రెండు గంటలు, నేను ఎవరికీ ఏమీ కాను. నా బుర్ర నాది. ఆ రెండు గంటల కోసం మిగతా ఇరవై రెండూ ఎలాగోలా లాగేస్తాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ రెండు గంటల్లో కూడా ఏదో ఒక పని వచ్చి కూర్చుంటుందని భయం.

మాడ్యూల్ మొదట్లో ఒక ప్రకటన ఉండి తీరాలి. అది లేకపోతే ఎడిటర్ దాన్ని గుమ్మం దాటనివ్వదు. ఆ ప్రకటన ఏ పనీ చెయ్యదు. ఈ కోడు నలుగురూ స్వేచ్ఛగా పంచుకోవచ్చని, మార్చుకోవచ్చని రాసినవాళ్లు ఒప్పుకుంటున్నట్టు ఒక మాట, అంతే. మా ఆయనకీ బావగారికీ అది లోడ్ అవడానికి పెట్టే ఏదో లైను. నేను మాత్రం ఆ లైను రాసేటప్పుడు ఒక్క నిమిషం ఆగాను. రాసినవాళ్లు అంటే నేనే కదా అనుకున్నాను. అలా అనుకోవడం బాగుంది.

మాడ్యూల్‌తో పాటు కంపెనీ సపోర్టు మెయిలు కూడా నా మీద పడింది. టైపిస్టుల కష్టాలు నాకైతే వెంటనే అర్థమవుతాయట. జవాబు కింద 'సపోర్ట్ టీమ్' అని రాయాలని బావగారు చెప్పారు. అలా నేనొక్కదాన్నే ఒక టీమునయ్యాను. నాకొచ్చే ఉత్తరాలన్నీ 'డియర్ సర్' అనే మొదలవుతాయి. ఒకావిడ రాసింది: సర్, మీ సాధనం వచ్చాక నా మణికట్టు నొప్పి తగ్గింది, మీ ఇంట్లోవాళ్లు చల్లగా ఉండాలి అని. ఇంట్లోవాళ్లు చల్లగానే ఉన్నారని రాద్దామనిపించింది. కంపెనీ వార్షికోత్సవానికి పాతికమందికి ఇంట్లోనే వండి తీసుకెళ్లాను. బావగారు అతిథులకి పరిచయం చేస్తూ "మా మరదలు. ఇవాళ్టి భోజనమంతా ఈవిడ చేతి చలవే" అన్నారు. ఆ పక్కనే పెద్ద తెర మీద నా మాడ్యూల్ నడుస్తోంది. అందరూ దాన్ని చూసి చప్పట్లు కొట్టారు. నేను గరిటె కింద పెట్టి నేనూ కొట్టాను.

ఒక్కసారి అడిగాను. ఆ ఎడిటర్‌కి మాడ్యూళ్లు రాసేవాళ్లంతా వేరే ఊళ్లో రెండు రోజులు కలుస్తున్నారని తెలిసింది. వెళ్లాలంటే పనిచేసే చోటు నుంచి ఒక ఉత్తరం కావాలి. ఒక ఆదివారం అందరం భోజనాల దగ్గర ఉండగా, కంపెనీ తరఫున నాకొక అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారా అన్నాను. బావగారు ముద్ద నోట్లో పెట్టుకుంటూ "ఇంటి మనిషికి అపాయింట్‌మెంట్ ఏంటమ్మా? రేపు వంటకి కూడా అడుగుతావేమో!" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వాడు. తోడికోడలు కూడా నవ్వింది. తర్వాత వంటింట్లో నా పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తూ "అడక్కుండా ఉండాల్సింది" అంది. తల కొట్టేసినట్టయింది నాకు. ఇక మళ్లీ అడగలేదు.

ఈ మధ్య ఒక పెద్ద కంపెనీ వీళ్ల కంపెనీని కొనడానికి ముందుకొచ్చింది. ఆ సంగతి నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. సపోర్టు మెయిలుకొచ్చిన ఉత్తరం చూసి తెలుసుకున్నాను. వాళ్ల లాయరు ప్రశ్నల జాబితా పంపింది, బహుశా వెబ్‌సైటులో కనిపించిన ఒకే ఒక్క చిరునామాకి. ఏ ఫైలు ఎవరు రాశారు, రాసినప్పుడు వాళ్లు ఉద్యోగులా కాదా, ఉద్యోగులైతే నియామక పత్రాలు పంపండి అని. కింద ఇంకో వాక్యం ఉంది. మాడ్యూల్ ఫైలులో ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో నమోదయ్యే చరిత్రలో ఉన్న పేరు మీ ఉద్యోగుల జాబితాలో లేదు, ఆ వ్యక్తి ఉద్యోగి కాకపోతే దాని మీద హక్కు ఆ వ్యక్తిదే, ఆ వ్యక్తి సంతకం లేకుండా మీరు దాన్ని మాకు అమ్మలేరు అని. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. నడవాలోనే నిలబడి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసి, మళ్లీ ఇంకోసారి చదివాను. తర్వాత సపోర్టు టీము చెయ్యాల్సిన పని చేశాను. ఆ ఉత్తరాన్ని బావగారికి పంపించి, 'మీ దృష్టికి' అని రాశాను.

ఆ తర్వాతే ఈ కాగితం నా మోకాలి మీదకి వచ్చింది. అత్తగారి పాదాలు తుడిచి, నూనె రాసి, మేజోళ్లు తొడిగి, చేతులు కడుక్కుని వచ్చి చదివాను. నాలుగేళ్ల కిందటి తేదీ వేసి ఉంది. నేను కంపెనీ ఉద్యోగినని, ఉద్యోగంలో భాగంగా మాడ్యూల్ రాశానని, దాని మీద సర్వహక్కులూ కంపెనీవేనని ఉంది. ఇదంతా ఊహించిందే. ఏడో షరతు దగ్గర ఆగిపోయాను. సంతకం చేసినవారు ఐదేళ్లపాటు ఏ ఎడిటర్ కోసమైనా సరే, ఎవరి కోసమైనా సరే, డబ్బు తీసుకునిగాని తీసుకోకుండాగాని ఇలాంటి మాడ్యూళ్లు రాయకూడదు. కొనేవాళ్లు మాడ్యూల్‌ని ఈ ఎడిటర్ నుంచి విడదీసి, ఆ మొదటి లైను తీసేసి, తమ సొంత ఎడిటర్‌లో పెట్టి తాళం వేసుకుంటారట. ఎవరూ మళ్లీ అలాంటిది రాయకుండా చూసుకోవాలి కదా. ఇస్త్రీ బల్ల పట్టుకున్నాను. ఐదేళ్లు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా.

మర్నాడు చొక్కా ఇస్త్రీ చేస్తూ మా ఆయన్ని అడిగాను. "ఏడో షరతు చదివారా?"

"అందరికీ ఉండేదే. ఫార్మాలిటీ."

"అది తీసేయమని చెప్పండి. మిగతాదానికి సంతకం పెడతాను."

ఈ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపంగా ఉంది. నాలుగేళ్ల పని అంత తేలిగ్గా ఇచ్చెయ్యబోయాను. ఆయన టై ముడి వేసుకుంటూ అద్దంలోంచే నన్ను చూశాడు. "తీస్తే వాళ్లు కొనరు. వాళ్లకి కావల్సిందే అది."

"మరి ఐదేళ్లు నేనేం చెయ్యను?"

"ఏం చెయ్యడమేంటి? ఇంట్లో పనే లేదా?" అన్నాడు. కోపంగా అనలేదు, వెటకారంగానూ అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆయన చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు. ఆయన నాకు జ్వరమొస్తే గంటకోసారి ఫోను చేసి కనుక్కుంటాడు. ఆ ఫోను ఎత్తి మాట్లాడి, లేచి, వాళ్లమ్మకి మందులిస్తాను.

సాయంత్రం బావగారు ఫోను చేశారు. మామూలుగా ఆయన నాతో ఫోనులో మాట్లాడరు, 'వాడికివ్వు' అంటారు. ఈసారి "బాగున్నావామ్మా?" అన్నారు. ఆరుగురి ఉద్యోగాలు నా ఒక్క సంతకం మీద ఉన్నాయన్నారు. నేను చిన్నపిల్లని కాదు కాబట్టి విడమర్చి చెప్పక్కర్లేదన్నారు. విడమర్చి ఇరవై నిమిషాలు చెప్పారు. "అయినా నీ పేరు ఆ ఫైల్లో అన్ని చోట్ల ఎందుకు పడిందో! మార్చడానికి లేదా?" అని కూడా అడిగారు. మార్చొచ్చు గాని మార్చినట్టు తెలిసిపోతుందని చెప్పాను. ఆయన నిట్టూర్చారు. "లాయరు అడిగితే మొదటి నుంచీ ఉద్యోగినే అని చెప్పు. అబద్ధమేం కాదుగా? పని చేశావుగా?" అన్నారు. పని చేశానని బావగారి నోట వినడం అదే మొదటిసారి. ఫోను పెట్టేశాక కూడా ఆ మాట చెవుల్లో ఉండిపోయింది, సిగ్గులేనిదాన్ని.

బుధవారం అత్తగారికి పక్క దుప్పటి మారుస్తుంటే "ఆ కాగితం ఇంకా బల్ల మీదే ఉందేం?" అన్నారు. గోడ వైపు తిప్పి పడుకోబెట్టాను, సగం దుప్పటి లాగాను. ఆవిడ గోడతో మాట్లాడుతున్నట్టే మాట్లాడారు.

"మీ మావగారి టైలరు షాపులో కాజాలన్నీ నేనే కుట్టేదాన్ని. ఇంట్లో కూర్చునే. ఏ పూటకా పూట చొక్కాలు మూటగట్టి పంపేవారు. చేత్తో కుట్టేవి కొన్ని, మిషను మీద కొన్ని. నా కాజా పదేళ్లు వాడినా పోగు లేచేది కాదు. బోర్డు మీద ఆయన పేరు, కింద 'అండ్ సన్స్' అని ఉండేది. మీ ఆయనకి అప్పటికి మూడేళ్లు. పక్క తడిపేవాడు."

నవ్వొచ్చింది. ఆవిడ కూడా నవ్వారు, గోడ వైపే.

"షాపు అమ్మినప్పుడు నా సంతకం కావాలన్నారు, మిషను నా పేరు మీద కొన్నదని. పెట్టాను. ఏముందో చదవలేదు. నువ్వూ పెట్టేయ్. గొడవ దేనికి?"

ఇటు తిప్పి మిగతా దుప్పటి లాగాను. "తర్వాత ఇంకెప్పుడైనా కుట్టారా అత్తయ్యా?"

"దేంతో కుట్టను? మిషను వాళ్లు పట్టుకెళ్లారుగా."

పాలవాడు రాలేదని చెప్పినంత మామూలుగా చెప్పారు. కాని చేతులు ఊరుకోలేదు. బొటనవేలూ చూపుడువేలూ దుప్పటి అంచుని పట్టుకుని చిన్నగా మడిచి, నొక్కి, మళ్లీ ఇంకొంచెం జరిగి మడిచి నొక్కుతున్నాయి. ఆరేళ్లుగా చూస్తున్నాను ఆ వేళ్లు అలా కదలడం. ముసలితనపు వణుకనుకున్నాను. నేను దిండు సర్దుతున్నట్టు కాసేపు అక్కడే నిలబడ్డాను. నాకు ఆవిడ మీద జాలి కలిగిందని చెప్పలేను. భయం వేసింది.

గురువారం లాయరు పదిన్నరకే వచ్చింది. నా వయసు మనిషి, భుజాన బరువైన సంచీ. సంతకం చేసే మనిషిని స్వయంగా చూడటం తన పద్ధతట, అందుకని ఇంటికే వచ్చింది. బావగారు అంతకు ముందే వచ్చి, లాయరు కోసం వేసిన పెద్ద కుర్చీకి దగ్గరగా సోఫాలో కూర్చున్నారు. మా ఆయన నన్ను పక్కకి పిలిచి "మంచి చీర కట్టుకోవాల్సింది" అన్నాడు మెల్లిగా. నేను కాఫీలు తెచ్చి పెట్టి, వెనక్కి వెళ్లబోతుంటే లాయరు "మీరు కూర్చోండి, పని మీతోనే" అంది. నాకు కుర్చీ లేదు. మా ఆయన లేచి తన కుర్చీ ఇచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన నిలబడి నేను కూర్చోవడం నాకే ఇబ్బందిగా అనిపించింది. అలవాటు అంత చెడ్డది.

లాయరు కాగితం నా ముందు పెట్టి, పైన పెన్ను పెట్టి, ఇంకో కాగితం తను తీసుకుంది. "ఈ ఫైలు చరిత్రలో పద్నాలుగు వందల పైచిలుకు మార్పులున్నాయండీ. అన్నిటి మీదా ఒకటే పేరు. అది మీరేనా?"

"నేనే."

"అన్నీ పగలు పదకొండుకీ ఒంటిగంటకీ మధ్యే చేసినట్టున్నారు" అంది, కొంచెం ఆశ్చర్యంగా.

"అప్పుడే కుదురుతుందండీ."

ఆవిడ నా మొహం వైపు ఒక్కసారి చూసి కాగితంలోకి వెళ్లిపోయింది. "సరే. ఇక్కడొక్క ప్రశ్న ఉంది, దీని తర్వాతే సంతకం. ఇవి రాసిన రోజుల్లో మీరు ఈ కంపెనీలో ఉద్యోగిగా ఉన్నారా?"

నేను నోరు తెరిచేలోపే బావగారు అందుకున్నారు. "మొదటి నుంచీ అండీ! అసలు మా కంపెనీకి మొదటి ఇంజనీరే మా మరదలు. ఇంత కష్టమైన పని ఇంకెవరి వల్లా కాదు. ఈవిడ లేకపోతే ఈ వస్తువే లేదు" అన్నారు. ఎంత బాగా అన్నారని! గోడ దగ్గర్నుంచి మా ఆయన "అవునండీ, నాలుగేళ్లుగా దీని మీదే పనిచేస్తోంది పాపం" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని వంటల తర్వాత, ఎన్ని 'డియర్ సర్'ల తర్వాత, ఆ మాటల కోసం నేను లోపల్లోపల ఎంత కాచుకుని ఉన్నానో అప్పుడు తెలిసింది. ఒక్క అవును అంటే చాలు, ఆ నాలుగేళ్లూ ఉద్యోగమైపోతాయి, ఒక కాగితంలో ఎక్కుతాయి, బావగారు నన్ను ఇంజనీరని అంటారు. ఆ మరుక్షణం నేను రాసిందీ పోతుంది, రాయడమూ పోతుంది. కాదంటే రాసింది నాకే ఉంటుంది. కాని కాదనడమంటే ఇన్నాళ్లూ వీళ్ల లెక్కలో నేను ఎవరినీ కానని నా నోటితో నేనే ఒప్పుకోవడం. పైగా సాయంత్రం నేను ఉండాల్సింది ఈ ఇంట్లోనే. ఈ గోడల మధ్యే, ఈ మొహాల మధ్యే.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి" అంది లాయరు.

"కాదండీ" అన్నాను. గొంతు సవరించుకుని మళ్లీ చెప్పాను. "నేను వీళ్ల ఉద్యోగిని కాను. ఒక్క రోజు కూడా కాను."

బావగారి కప్పు సాసరు మీద గట్టిగా పడింది. మా ఆయన నా పేరు పెట్టి పిలిచాడు, ఒక్కసారే, చాలా మెల్లిగా. నేను అటు చూడలేదు. లాయరు పెన్ను తీసి మూత పెట్టబోయి ఆగింది. "మరి నాలుగేళ్లపాటు ఇంత పని వీళ్లకి ఏ హోదాలో చేశారండీ? ఇక్కడ ఏదో ఒకటి రాయాలి నేను" అంది.

"కోడలిగా చేశానండీ" అన్నాను. "దానికి వీళ్లు కాగితమేదీ రాయించుకోలేదు."